బుష్‌లు చాలా, ఆర్మ్ మొత్తం మార్చాలా?

దేవరకొండ రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర టక్‌టక్. మా పాత డీజిల్ కారును నల్గొండలో జాకీ మీద లేపి టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రంతో కలిపే గుండ్రటి కీలు) ఆడుతోంది, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకు కలిపి పట్టుకునే కింది ఇనుప చెయ్యి) వెనక బుష్ (ఆర్మ్ బండికి బిగిసే చోట అదురు తట్టుకునే రబ్బరు దిమ్మ) రబ్బరు చీలి ఉంది.

బుష్‌లే అయితే సామాను చవక, కానీ ఆర్మ్ విప్పాలి, పాతవి ప్రెస్‌లో, అంటే ఒత్తే యంత్రంలో పెట్టి తీయాలి, కొత్తవి సరైన దిక్కుకు కూర్చోబెట్టాలి. మెకానిక్ సుత్తితో కొట్టి ఎక్కిస్తానంటే నేనైతే తాళం తీసుకుని వచ్చేస్తా. పైగా మా బండికి బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది, అది పోయాక ఉత్త బుష్‌లు మార్చి ఏం లాభం?

ఆర్మ్ మొత్తమంటే ఖర్చెక్కువే, పని మాత్రం పూటలో అయిపోతుంది. జాయింట్ గట్టిగా ఉండి ఆర్మ్ వంగకపోతే బుష్‌లే చాలు.

ఏది చేయించినా బుష్ బోల్టులను బండి దించి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి, గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. తర్వాత అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం. నేను అలైన్‌మెంట్ రేపు చూద్దాంలే అని మిర్యాలగూడ బయల్దేరా, దారంతా స్టీరింగ్ ఎడమకే లాగింది.