జెస్సీ ఎడ్ డేవిస్ గిటార్: ఏళ్ల తరబడి విన్న తర్వాత

బ్లూస్ రాక్‌లో, అంటే నల్లజాతి అమెరికన్ల బ్లూస్ పాటల నుంచి పుట్టిన రాక్ సంగీతంలో, నీకు ఇష్టమైన గిటారిస్టు ఎవరని అడిగితే చాలా ఏళ్లుగా నా జవాబు ఒకటే, జెస్సీ ఎడ్ డేవిస్. అవతలివాళ్లు చాలాసార్లు "ఎవరాయన?" అంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1944లో ఓక్లహామాలోని నార్మన్‌లో పుట్టాడు. తల్లి కయోవా తెగ, తండ్రి వైపు కొమాంచీ తెగ, అంటే అమెరికా మూలవాసుల బిడ్డ. అరవైల్లో కాలిఫోర్నియా చేరి తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి బ్యాండ్‌లో కుదిరాడు. మొదట వినాల్సింది 1968లో వచ్చిన తాజ్ మహల్ తొలి ఆల్బమే. అందులో 'స్టేట్స్‌బరో బ్లూస్' అనే పాత పాట ఉంది, దాంట్లో డేవిస్ స్లయిడ్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చి వాయించడం) విన్నాకే ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ గిటారిస్టు డ్యూయెన్ ఆల్మన్ స్లయిడ్ పట్టాడని అతని తమ్ముడు గ్రెగ్ చెప్పేవాడు. తర్వాత ఆల్మన్ బ్రదర్స్ అదే పాటతో ఎంత పేరు తెచ్చుకున్నారో అందరికీ తెలుసు, కానీ నాకు మాత్రం ఇప్పటికీ డేవిస్ వాయించిందే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఆల్మన్ పాటని తన చేతుల్లోకి తీసుకుంటాడు, డేవిస్ గాయకుడు ఊపిరి తీసుకునేదాకా ఆగి, ఆ చిన్న సందులో ఒక్క మాట అన్నట్టు అని మళ్లీ వెనక్కి జరుగుతాడు.

ఈ ఆగడమే ఆయన అసలు విద్య అని నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది. స్వరం మీద నేరుగా దిగడు. వీణ మీద గమకంలాగా కింద నుంచి జారుకుంటూ వెళ్లి, స్వరం అందీ అందకముందే కాసేపు నిలుస్తాడు. వేగం తక్కువ, సౌండ్ ఎఫెక్టులు అంతకన్నా తక్కువ. పనిలో ఉండి వింటే ఏమీ జరగనట్టే ఉంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

గాయకుడు జాక్సన్ బ్రౌన్ 1972 పాట 'డాక్టర్ మై ఐస్' మధ్యలో వచ్చే సోలో ఆయనదే. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను, ఎక్కడ తీగ లాగుతాడో, ఎక్కడ వదిలేస్తాడో నోటితో పాడగలను, అయినా ఒక్కసారి కూడా విసుగు రాలేదు. పాటలో ఉన్న అలసటంతా ఆ కాసేపట్లో వినిపిస్తుంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో జరిగిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలోనూ ఉన్నాడు. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా వాయించిన వేదికే అది. ఆ వీడియో చూసినవాళ్లు కూడా ఆయన్ని గుర్తుపట్టరు, వెనక నిలబడి తన పని తాను చేసుకుపోతాడు. బీటిల్స్ బ్యాండ్‌లోని జాన్ లెనన్, జార్జ్ హారిసన్, గాయకుడు బాబ్ డిలన్ రికార్డుల్లోనూ ఇంతే.

సొంత ఆల్బమ్‌లు మూడున్నాయి. అన్నీ ఒకే స్థాయివి కావు. గొంతు పల్చన, మొదటి ఆల్బమ్‌లో వాద్యాలు మరీ ఎక్కువై గిటార్ అడుగున పడిపోతుంది. కానీ అందులో 'వాషిటా లవ్ చైల్డ్' అని తన పుట్టుక గురించి పాడుకున్న పాట ఉంది, అందులో సిగ్గు లేదు, సంజాయిషీ లేదు, నేను ఫలానా అని గట్టిగా చెప్పుకోవడమే. రెండోది 'ఉలులు', 1972, ఇది నిజంగా మంచి ఆల్బమ్. హారిసన్ రాసిన 'సూ మీ, సూ యూ బ్లూస్' హారిసన్ కంటే ముందు ఇందులోనే వచ్చింది. మూడోది అభిమానులకి మాత్రమే.

మత్తుమందులు ఆయన జీవితాన్ని చాలా తినేశాయి. 1988లో, 43 ఏళ్లకే పోయాడు. అంతకు రెండేళ్ల ముందు జాన్ ట్రూడెల్‌తో కలిసి చేసిన 'ఏకేఏ గ్రఫిటీ మ్యాన్' మాత్రం వదలకండి. ట్రూడెల్ డకోటా తెగ కవి, మూలవాసుల హక్కుల కోసం పోరాడిన అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ నాయకుడు, పాడడు, కవిత చదువుతాడు. పక్కన డేవిస్ గిటార్ ఆ మాటలకి బదులు చెబుతూ పోతుంది. ఇన్నేళ్లు ఇంకొకరి పాటలకి ఇచ్చిన ఓపికంతా ఇక్కడ తనవాళ్ల కథకి ఇచ్చాడనిపిస్తుంది నాకు, అందుకే ఆయన రికార్డుల్లో దీన్నే అన్నిటికన్నా పైన పెడతాను.

కొత్తగా వినేవాళ్లు తాజ్ మహల్ తొలి రెండు ఆల్బమ్‌లతో మొదలుపెట్టి, 'ఉలులు' విని, ఆ తర్వాత ట్రూడెల్ దగ్గరికి రండి. ఆ చివరిదాన్ని కవితలు ముందు పెట్టుకుని వినండి, మొదటిసారి మాటలు వేగంగా దాటిపోతాయి.