నాగార్జునసాగర్ లాంచీకి పిల్లల బండి తీసుకపోవాలా? మడత స్ట్రోలర్ మీద వాడకందారుల సమీక్ష

మేము వాడేది మూడు మడతల స్ట్రోలర్. బరువు 7 కిలోలకు అటూ ఇటూ. మడిస్తే విమానంల సీటు పైన అరల పెట్టుకునే సూట్‌కేసంత అయితది. చక్రాలు ఫోమ్‌వి, 13 సెంటీమీటర్లు. ముందువి ఎటంటే అటు తిరుగుతయి. ఐదు పట్టీల బెల్టు ఉంటది, పిల్ల బరువు 15 కిలోల దాకా ఓర్చుకుంటది. నల్లగొండ బజారు, ఆర్టీసీ బస్సు, సాగర్, సోమశిల అన్నీ చూసిన బండి ఇది. కంపెనీ పేరు రాస్తలేం. ఈ రకం బండ్లన్నీ ఇంచుమించు ఒకటే తీరుగ ఉంటయి, మంచీ చెడ్డా కూడా ఒకటే.

లాంచీ ప్రయాణానికి బండి పట్టుకపోవాలా వద్దా అంటే, ముందుగాల చూడవలసింది డ్యాంల నీటిమట్టం. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వానకాలంల పైనుంచి వరద వచ్చి జలాశయం నిండితే లాంచీ ఒడ్డుకు దగ్గరగ నిలబడతది. ఎండకాలం వచ్చేసరికి నీళ్లు కిందికి పోతయి, మనమూ వాటెంట కిందికి దిగాలె. మెట్టు అర అడుగు లెక్కేసుకున్నా 10 అడుగుల నీళ్లు తగ్గితే 20 మెట్లు పెరిగినట్టే. ఏడాదిన్నర పిల్ల 10, 11 కిలోలుంటది, బండి 7 కిలోలు, పాల సీసాలు, డైపర్లు, నీళ్ల సంచి ఇంకో 4 కిలోలు. వచ్చేటప్పుడు ఇదంతా ఎండల పైకి మోయాలె. మట్టం రోజూ పేపర్లల వేస్తరు, బయల్దేరే ముందు ఒకసారి చూసుకుంటే సగం నిర్ణయం అక్కడనే అయిపోతది. మిగిలిన సగం వెంట పెద్దోళ్లు ఎంతమంది అన్నదాని మీద ఉంటది. ఒక్కరే పిల్లను పట్టుకొని పోతుంటే బండి వద్దే వద్దు.

నాగార్జునకొండ దీవికి పోయే లాంచీ పోను ముప్పావు గంట నుంచి గంట పడతది. ఆ గంటల బండికి పనేమీ లేదు. ఉండగూడదు కూడా. పిల్లను బండిల కూసోబెట్టి బెల్టు పెట్టి లాంచీల నిలబెట్టుడు చూడనీకి బాగనే ఉంటది గానీ చాలా ప్రమాదం. లాంచీకి ఏమన్న అయితే బెల్టు ఉన్న పిల్ల బండితోని కలిసి మునుగుతది, లైఫ్ జాకెట్ వేసినా లాభం ఉండదు. బ్రేకు ఆపేది చక్రం తిరగకుండనే. లాంచీ ఒరిగితే చక్రం తిరగకున్నా బండి మొత్తం జారుతది. అందుకే లాంచీల పిల్ల ఒడిల, బండి మడిచి సీటు కింద. నిలబెట్టి ఆనిస్తే మొదటి ఊపుకే ఎవరి కాలి మీదనో పడతది. పడుకోబెట్టి, సీటు కాలుకు ఒక ఎలాస్టిక్ తాడు చుట్టాలె. నడిచే దారిల, మెట్ల మొదట్ల, జాకెట్లు పెట్టే జాగల పెట్టొద్దు.

జాకెట్ సంగతి బండికంటే పెద్దది. లాంచీలల్ల ఇచ్చేవి ఎక్కువ పెద్దోళ్ల సైజువి, రెండేండ్ల పిల్లకు తొడిగితే గల్ల పైకి జారుతయి. పిల్ల బరువుకు సరిపోయేది, తల వెనుక తేలే కాలరు ఉండి, కాళ్ల నడుమ నుంచి పట్టీ వచ్చేది సొంతంగ కొనుక్కోవాలె. తొడిగినంక భుజాల కాడ పట్టి పైకి లేపి చూడాలె. చెవుల దాకా వస్తే వదులున్నట్టు. జోలె క్యారియర్ల పిల్లను కట్టుకొని, మీదికెళ్లి మన జాకెట్ వేసుకునుడు కూడా తప్పే. నీళ్లల్ల పిల్ల మొఖం పైకి తేలదు. క్యారియర్ మెట్ల మీదనే అక్కరకొస్తది. లాంచీల కూసున్నంక విప్పెయ్యాలె.

ఎక్కే పద్ధతి ఇది. టికెట్ తీసుకున్నంక, ఇంకా ఒడ్డు మీద ఉన్నప్పుడే బండి మడవాలె. లాంచీ ఎక్కే చెక్క పలక మొదటికి వచ్చి మడుద్దామంటే వెనుక వరుస తోసుకస్తది, తొందరల తాళం పడదు, సగం మడిచిన బండి మధ్యల విచ్చుకుంటది. మడిచే ముందు సీటు కింది బుట్ట ఖాళీ చేయాలె. అండ్ల సీసా మిగిలితే మడత పూర్తిగ పడదు, బలవంతం చేస్తే ప్లాస్టిక్ కొక్కెం పగులుతది. ఒకరు పిల్లను, ఒకరు బండిని. సంచి వీపుకే, రెండు చేతులూ ఖాళీగ ఉండాలె. పలక మీద ఉరికించుకుంట తోసుడు అసలే వద్దు. జారకుండ అడ్డంగ కొట్టిన చెక్కలకు చిన్న చక్రం తట్టుకొని బండి ముందుకు బోర్లా పడతది. మెట్ల మీద పిల్లతోని సహా ఇద్దరు పట్టుకొని దింపుడు కూడా చూస్తుంటం. పట్టుకోవలసి వస్తే చట్రం పట్టాలె, పిల్ల ముందుండే అడ్డ కడ్డీ పట్టొద్దు. అది గుండీ నొక్కితే ఊడొచ్చే రకం.

మరి బండి ఎందుకు? దీవి మీద మ్యూజియం దాకా పోయే దారిల, తోటల, మళ్ల కట్టిన స్తూపాల కాడ పనికొస్తది. లాంచీ అక్కడ ఆగేది గంట సేపే. పిల్ల నడకతోని పోతే ఆ గంట దారిలనే అయిపోతది. శుక్రవారం మ్యూజియం బంద్ ఉంటది, ఆ రోజు పోతే బండి మోసిన కష్టానికి తోట ఒక్కటే దక్కుతది. బండికి అసలు లాభం విజయపురి నార్త్ ఒడ్డున ఉన్న బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కుల. 274 ఎకరాలది, 2022ల తెరిచిండ్రు. దారులు వెడల్పు, చదును. రెండు మూడేండ్ల పిల్లను అంత జాగ నడిపించుడు అయ్యే పని కాదు. ఒక్క బుద్ధవనం కోసమే అయినా సాగర్‌కు బండి కారుల వేసుకోవచ్చు. నీళ్లు తక్కువున్న రోజు దాన్ని కారులనే ఉంచి లాంచీ ఎక్కితే సరి.

సాగర్ నుంచి శ్రీశైలం పోయే లాంచీ లెక్క వేరు. నీళ్ల మీద 110 కిలోమీటర్ల పైనే, ఐదారు గంటలు. అది కూడా నీళ్లు బాగున్నప్పుడే నడుస్తది. శ్రీశైలం దగ్గరి లాంచీ రేవు లింగాలగట్టుల దిగి వాహనం ఎక్కి పైకి పోవాలె, గుడిల క్యూలైన్ల పిల్లను సంకనెత్తుకునుడే. ఇంత దూరంల స్ట్రోలర్ వాడే జాగ ఎక్కడా రాదు. దాని బదులు పలుచని బొంత ఒకటి పట్టుకపోతే పిల్ల సీటు మీద పడుకుంటది. వెనుక ఇంజిన్ దిక్కు వేడి, మోత, పొగ, కాబట్టి ముందు వరుసల కూసోవాలె. కొల్లాపూర్ దగ్గర సోమశిలకు కూడా ఇదే మాట. ఘాటు మెట్ల మీద బండి బరువే తప్ప సుఖం లేదు.

ముంబై నుంచో చెన్నై నుంచో సముద్రం మీది క్రూజ్ ఓడకు పోయేటోళ్లకు మాత్రం బండి ఉండాలె. లిఫ్టులు, పొడుగు వరండాలు, ఎక్కే కాడ గంటల వరుసలు. కాకపోతే గది ఇరుకు, మడిచి మంచం కిందికో అలమరల నిలువుకో పట్టేదే కావాలె. వరండాల వదిలిపెట్టనియ్యరు, ఆపద వస్తే జనం పరుగెత్తే దారి అది. ఆపదల లిఫ్టులు వాడనియ్యరు కాబట్టి, అప్పుడు బండి అక్కడనే వదిలి పిల్లను ఎత్తుకోవాలె. ఆరు నెలల లోపు పిల్లలను చాలా ఓడలు ఎక్కించుకోవు. మడత బండి కూడా ఆ వయసుకు సరిపడదు, వీపు పూర్తిగ వాలనిది అయితే మెడ నిలవని పిల్లను అండ్ల పెట్టగూడదు.

ఎండ గురించి. మన దిక్కు ఏప్రిల్, మే నెలలల్ల నల్ల గుడ్డ సీటు కాలిపోతది, బెల్టు బకిల్ పిల్ల తొడకు తగిలితే చురుక్కుమంటది. కూసోబెట్టే ముందు అరచెయ్యి పెట్టి చూడాలె. నీడ కోసం బండి గొడుగు మీదికెళ్లి చీరకొంగు, టవల్ కప్పుతరు. గాలి ఆడక లోపట ఇంకా ఉడుకుతది. బండి దిశ మార్చుడు, లేకుంటే నీడకు పోవుడు, ఇవే ఉపాయాలు. కొనేటప్పుడు లేత రంగు, వెనుక జాలి కిటికీ ఉన్నది చూసుకోవాలె.

చాలా కాలం వాడినంక ముందుగాల చెడేది ముందు చక్రాలు. మొరం దారి ఇసుక, పిల్ల వెంట్రుకలు, దారాలు ఇరుసుకు చుట్టుకొని చక్రం గజగజ వణుకుతది, ఒక దిక్కు లాగుతది. గుండీ నొక్కి చక్రం ఊడదీసి, సన్న కత్తెరతో దారాలు కోసి, పొడి బ్రష్‌తో తుడిచి, సిలికాన్ స్ప్రే కొట్టాలె. కొబ్బరినూనె, మంచినూనె పొయ్యొద్దు, దుమ్ము అంటుకొని రెండు రోజులల్ల ముద్దయితది. గతుకుల దారిల ముందు చక్రాల తిరుగుడు తాళం వేసి నేరుగ పెట్టుకుంటే అరుగుడు తగ్గుతది. రెండోది హ్యాండిల్‌కు సంచి తగిలించుడు. పిల్ల ఉన్నంతసేపు నిలబడతది, పిల్లను ఎత్తంగనే వెనుకకు పడతది. పాల ఫ్లాస్కులు ఎక్కువ పగిలేది అట్లనే. బెల్టు పట్టీలు సబ్బు నీళ్లతో చేత్తో కడిగి నీడల ఆరెయ్యాలె.

పిల్లలు వాడేది రెండు మూడేండ్లే కాబట్టి పాతది తీసుకునుడు తెలివైన పనే. మోసపోకుండ నాలుగు చూడాలె. బకిల్ ఐదుసార్లు పెట్టి తీసి ప్రతిసారి చప్పుడు వస్తదా, విప్పి నిలబెట్టినంక తాళం పడ్డదా లేదా హ్యాండిల్ గుంజి చూసుడు, ఏటవాలు మీద 10 కిలోల బియ్యం సంచి పెట్టి బ్రేకు వేస్తే జరుగుతదా, చట్రం కీళ్ల కాడ తెల్లటి గీతలున్నయా. గీతలు కనబడితే ప్లాస్టిక్ ఎండకు పెళుసైనట్టే, ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.