పిల్ల చదువు గురించి బడి మాకేం చెప్పింది? కరోనా టైంలో రెండు బళ్ళు చూసిన తల్లి రివ్యూ

కరోనా టైంలో మా పాప రెండు బళ్ళలో చదివింది. ముందు టౌన్‌లో ఒక ప్రైవేటు స్కూలు, ఆ తర్వాత మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. పిల్లకి చదువు ఎంతవరకు వచ్చింది, బడిలో జాగ్రత్తలు ఎలా తీసుకుంటున్నారు అని ఇంట్లో వాళ్ళకు చెప్పే విషయంలో ఈ రెండింటికీ చాలా తేడా కనిపించింది. జూన్‌లో అడ్మిషన్ల కోసం తిరిగేవాళ్ళు బిల్డింగు, బస్సు, ఫీజు అన్నీ అడుగుతారు గానీ ఈ ఒక్కటీ ఎవరూ అడగరు, అందుకే రాస్తున్నా. సర్కారు బడికి 5కి 4 ఇస్తా, ప్రైవేటు స్కూలుకి 5కి ఒకటిన్నర.

ముందు మా పరిస్థితి చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. 2020 మార్చిలో తెలంగాణలో బళ్ళు మూసేసినప్పుడు పాప ఒకటో తరగతి. పరీక్షలు లేకుండానే రెండో తరగతికి పంపించారు. 2021 ఫిబ్రవరిలో ముందు 9, 10 తరగతులకు, నెలాఖరులో 6, 7, 8కి తెరిచారు గానీ అయిదో తరగతి లోపు పిల్లలకు తెరవలేదు, మార్చి 24 నుంచి మళ్ళీ అందరికీ బంద్. 2021 సెప్టెంబర్ 1న బళ్ళు తెరిచేసరికి మా పాప మూడో తరగతికి వచ్చేసింది, రెండో తరగతి గదిలో ఒక్క రోజు కూడా కూర్చోలేదు. దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చిన పాఠాలు కూడా మూడో తరగతి నుంచే కాబట్టి ఆ వయసు పిల్లలకు టీవీ కూడా అక్కరకు రాలేదు. ఒకటి, రెండు తరగతుల్లోనే కదా అక్షరాలు కుదురుకునేది. సరిగ్గా అప్పుడే బడి లేకుండా పోయింది.

ప్రైవేటు స్కూలు వాళ్ళకు ఒక యాప్ ఉండేది. ఫోన్‌లో టింగుమని మోగితే ఏదో చదువు గురించి అనుకుని తీసేదాన్ని, సగానికి పైగా ఫీజు గడువు గురించే ఉండేవి. ఆ ఏడాది ఫీజులు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు ఒక్కటే నెలనెలా తీసుకోండి అని ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది, అది వాళ్ళు యాప్‌లో ఏనాడూ చెప్పలేదు, పేపర్లో చూసి నేనే వెళ్ళి అడగాల్సి వచ్చింది. నెలకోసారి ఒక పీడీఎఫ్ వచ్చేది. మొత్తం ఇంగ్లీషులో, రంగురంగుల డబ్బాలు గీసి, భాషా నైపుణ్యాలు పెరుగుతాయి, తార్కిక ఆలోచన మెరుగుపడుతుంది, ఆత్మవిశ్వాసం వస్తుంది అని రాసేవాళ్ళు. పక్కింటి బాబు కూడా అదే క్లాసు, వాళ్ళకూ అక్షరం పొల్లు పోకుండా అదే వచ్చేది. ఏడాది చివర ప్రోగ్రెస్ కార్డులో అన్నిట్లో ఏ గ్రేడు. అదే వారం మా అత్తమ్మ గోడ మీద క్యాలెండర్ చూపించి ఇవాళ ఏ వారమో చదవమంటే పాప "శు" దగ్గర ఆగిపోయి నా ముఖం చూసింది. "శుక్రవారం" చదవలేకపోయింది. కార్డులో ఏ గ్రేడు ఉన్న పిల్ల! చిన్నపిల్ల, దాని తప్పేం లేదు, ఫోన్‌లో వీడియో చూస్తూ ఎవరు మాత్రం గుణింతాలు నేర్చుకుంటారు. కానీ పిల్ల వెనకబడిందని స్కూలు వాళ్ళు మాకు చెప్పాలి కదా. అది దాచి గ్రేడు ఎందుకు వేశారన్నదే నా బాధ.

జాగ్రత్తల విషయంలోనూ అదే తీరు. మా బాబు కూడా అప్పుడు అక్కడే తొమ్మిదో తరగతి, ఫిబ్రవరిలో బడికి వెళ్ళాడు. శానిటైజర్, థర్మల్ స్కానర్, బెంచీకి ఒక్కరు అని పెద్ద నోటీసు పంపారు, దానితో పాటు పిల్లాడికి ఏమైనా అయితే యాజమాన్యానికి సంబంధం లేదని సంతకం పెట్టమని ఒక కాగితం. తర్వాత వాళ్ళకు లెక్కలు చెప్పే సారుకి పాజిటివ్ వచ్చిందట. ఆ సంగతి స్కూలు వాళ్ళు చెప్పలేదు, కూరగాయల బండి దగ్గర ఇంకో పిల్లాడి తల్లి చెబితే తెలిసింది. ఇంట్లో షుగరున్న పెద్దావిడని పెట్టుకుని నాకెంత టెన్షన్ అయ్యిందో ఆ రోజు. ఫోన్ చేస్తే "మేడం, పేరెంట్స్ భయపడతారని చెప్పలేదు" అన్నారు. చెప్పకపోతేనే కదా భయం ఎక్కువయ్యేది.

ఆ వేసవిలో మా ఆయన పని కూడా తగ్గింది. ఇద్దరినీ సర్కారు బడికి మార్చాం, పాపని ఊళ్ళోనే, బాబుని పదో తరగతికి జిల్లా పరిషత్ హైస్కూల్‌కి. ఆ ఏడాది మాలాగా మారినవాళ్ళు చాలామంది ఉన్నారు. పల్లెల్లో పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే ప్రకారం, దేశంలోని పల్లెల్లో సర్కారు బళ్ళలో చేరిన 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 2018లో 65.6 శాతం ఉంటే 2022కి 72.9 శాతం అయ్యారు.

సర్కారు బడికి యాప్ లేదు, పీడీఎఫ్ లేదు. ఒక వాట్సాప్ గ్రూపు, అందులో పెద్ద సారు, మూడో తరగతి మేడం. బడి తెరిచే ముందు రోజు సారు వాయిస్ మెసేజ్ పెట్టారు. మొన్నమొన్నటి దాకా గదులు మూసే ఉన్నాయి, పంచాయతీ వాళ్ళు వచ్చి కడిగారు, నీళ్ళ ట్యాంకు కూడా కడిగించాం, టీచర్లం అందరం రెండు డోసులు వేయించుకున్నాం, పిల్లలకు మాస్కు పెట్టి నీళ్ళ సీసా ఇచ్చి పంపండి, జలుబు జ్వరం ఉంటే పంపొద్దు, పంపకపోయినా హాజరు గురించి ఏమీ అనం, భయపడి ఇంట్లో ఉంచుకునేవాళ్ళని బలవంతం కూడా చెయ్యం, అని. అంతే. సంతకాలు, కాగితాలు ఏమీ లేవు. ఇంట్లో చదువు రాని మా అత్తమ్మ కూడా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విని "సారు మంచిగ చెప్పిండు" అంది. వాయిస్ మెసేజ్ వల్ల లాభం ఇదే, అందరికీ అర్థమవుతుంది, పొలం దగ్గర ఉన్నా వినొచ్చు.

నాకు బాగా నచ్చింది మాత్రం మేడం పిల్ల పిల్లకీ విడిగా పెట్టే మెసేజ్. చేరిన కొన్ని రోజులకే నాకు వచ్చిన మొదటిది ఇంకా ఫోన్‌లో ఉంది. "అమ్మా, పాపకి అక్షరాలు అన్నీ వచ్చు. గుణింతాల్లో ఎ, ఏ, ఒ, ఓ తడబడుతోంది. ఒత్తులు అసలు రావు, ఇది రెండో తరగతిలో రావాల్సింది. కంగారు పడకండి, క్లాసులో చాలామందికి ఇట్లనే ఉంది. సంక్రాంతి లోపు ఒకే అక్షరానికి అదే ఒత్తు వచ్చే మాటలు, అమ్మ, అక్క, పువ్వు లాంటివి, చదివేలా చేద్దాం. మాస్కులు పెట్టుకుని చెప్తుంటే పిల్లలకు నా పెదాలు కనపడట్లేదు, ఒత్తు సరిగ్గా వినపడట్లేదు, అందుకని ఇంట్లో మీరు మాస్కు లేకుండా ఎదురుగా కూర్చుని గట్టిగా పలికించండి, పది నిమిషాలు చాలు." ఇలాంటి మాట ప్రైవేటు స్కూల్లో ఒక్కసారి కూడా వినలేదు. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎప్పటికల్లా ఎక్కడికి చేరాలి, ఇంట్లో నేనేం చెయ్యాలి, నాలుగూ చెప్పేసింది ఆ తల్లి. జాగ్రత్తల వల్ల చదువుకి వచ్చే ఇబ్బంది కూడా దాచకుండా చెప్పడం నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో. రోజూ రాత్రి అన్నం తిన్నాక పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని "పువ్వు", "గువ్వ", "అవ్వ" అని పలికించేదాన్ని, అది నా పెదాలు చూస్తూ పలికేది.

లెక్కల్లోనూ అంతే. "తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాలేదు, ఎందుకంటే పదులు ఒకట్లు అర్థం కాలేదు, అగ్గిపుల్లలు పది పది కట్టలు కట్టించి ఆడించండి" అని పెట్టారొకసారి. పుస్తకంలో మూడో తరగతి పాఠం నడుస్తున్నా, పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో అక్కడినుంచే చెప్తున్నామని ముందే చెప్పారు. సిలబస్ వెనకబడుతుందేమో అని ఒకరిద్దరు గ్రూపులో గొడవ చేశారు కూడా. మేడం ఓపికగా జవాబిచ్చారు, పునాది లేకుండా పాఠం చదివిస్తే బట్టీయే అవుతుందని. నాకు ఆ మాట సబబుగా అనిపించింది. అసర్ 2022 లెక్కల ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 20.5 శాతమే, కరోనాకి ముందు 2018లో 27.3 శాతం ఉండేవాళ్ళు. అంటే అంతకు ముందు కూడా గొప్పగా ఏం లేదు, కరోనా ఇంకా కిందికి లాగింది. ఇలాంటప్పుడు అందరికీ ఏ గ్రేడు వేసి పంపడం పిల్లలకు చేసే అన్యాయం అంటాను.

పాజిటివ్ కేసు ఈ బడిలోనూ వచ్చింది. ఒక పిల్లాడి ఇంట్లో వచ్చిందని తెలిసిన సాయంత్రమే సారు గ్రూపులో చెప్పారు. ఏ ఇల్లో చెప్పలేదు, ఏ తరగతి అన్నది మాత్రం చెప్పారు, ఆ తరగతి పిల్లలకు దగ్గు జ్వరం ఉందా చూసుకోండి, ఉంటే పీహెచ్‌సీలో టెస్టు చేస్తారు, ఏఎన్ఎంతో మాట్లాడాను, రేపు ఆ గది వాడట్లేదు, వాళ్ళు చెట్టు కింద కూర్చుంటారు అని. ఊళ్ళో ఎవరి ఇల్లో అందరికీ తెలిసిపోయిందనుకోండి, ఊరు కదా. అయినా పేరు బడి నోటి నుంచి రాలేదు, ఆ పిల్లాడు తిరిగి వచ్చాక ఎవరూ దూరం పెట్టొద్దని కూడా సారే చెప్పారు. మధ్యాహ్న భోజనం దగ్గర గుంపు కాకుండా తరగతికో టైం పెట్టారు. మూడో తరగతి వంతు ఆలస్యంగా వస్తుంది, పొద్దున కాస్త కడుపు నిండా పెట్టి పంపండి అని అది కూడా ముందే చెప్పారు. చిన్న విషయమే, కానీ ఆ మాట చెప్పకపోయి ఉంటే పిల్లలు ఆకలితో ఏడ్చేవాళ్ళు.

2022 జనవరిలో సంక్రాంతి సెలవులు 8న మొదలై 16తో అయిపోవాలి, ఒమిక్రాన్ వల్ల 30 దాకా పొడిగించారు. అప్పుడు నా గుండె జారిపోయింది, మళ్ళీ ఏడాది పోతుందేమో అని. మేడం రోజూ ఒక చిన్న పని పెట్టారు, ఫోన్ చూసేది ఏమీ లేదు, ఇంట్లో సబ్బు డబ్బా మీద, పప్పు ప్యాకెట్ మీద ఒత్తులున్న మాటలు వెతికి రాయడం, దుకాణం చిట్టీ కూడటం ఇలాంటివి. ఫిబ్రవరి 1న బడి తెరిచాక అవి చూసి ఎవరికి ఏం వచ్చిందో మళ్ళీ చెప్పారు. పండగకి చేరాలన్న చోటికి పాప పండగ దాటాక చేరింది, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పారు.

2022 ఆగస్టు 15 నుంచి సర్కారు బళ్ళలో తొలిమెట్టు మొదలయ్యాక ఇదంతా ఇంకాస్త పద్ధతిలో పడింది. అప్పటికి పాప నాలుగో తరగతి. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లల స్థాయి చూసి, చదవడం, రాయడం, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారంలో ఎక్కడున్నారో రాసుకుని అక్కడినుంచి నేర్పించే కార్యక్రమం అది. పేరెంట్స్ మీటింగుకి వెళ్తే పాపని నా ముందే చదివించారు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యం మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 దాకా సంఖ్యలు చదవాలి, రాయాలి. మేడం అది నాకు చెప్పి, ఫోన్‌లో నిమిషం పెట్టి, "చూడండమ్మా, ఇంకా 60కి రాలేదు, కానీ చదివింది ఏంటో చెప్పగలుగుతోంది, అది ముఖ్యం" అన్నారు. కార్డు మీద గ్రేడు కన్నా, కళ్ళముందు పిల్ల చదువుతుంటే వినడం ఎంత మేలో ఆ రోజు తెలిసింది నాకు.

బాబు హైస్కూల్ సంగతి రెండు ముక్కలు. అక్కడ సమాచారం అంత బాగా ఉండేది కాదు, సబ్జెక్టుకో సారు, ఎవరి గ్రూపు వాళ్ళది. కానీ పదో తరగతికి 70 శాతం సిలబస్సే, 11 బదులు 6 పేపర్లే అని, ఏ పాఠాలు తీసేశారో మార్కు చేసి ఫొటో పెట్టారు, అది బాగా ఉపయోగపడింది. 15 ఏళ్ళు నిండినవాళ్ళకు 2022 జనవరి 3 నుంచి కొవాగ్జిన్ మొదలైనప్పుడు రెండో డోసు తేదీ కూడా క్లాస్ టీచరే గుర్తుచేశారు.

ఇక ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, అన్నీ ఫోన్ మీదే నడిచాయి. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి, వాళ్ళకు పక్కింటివాళ్ళు చెబితేనే తెలిసేది. మేడం వీలైనంత వరకు మామూలు ఫోన్ చేసేవారు గానీ ఒక్కరు ఎంతమందికి చేస్తారు, రెండు తరగతులు ఆవిడే చూసుకునేవారు. మీటింగు పనిరోజు పగలు పెడితే కూలికి పోయేవాళ్ళు రాలేరు, సాయంత్రం పెట్టమని అడిగాం, ఒకటి రెండుసార్లు పెట్టి మళ్ళీ మానేశారు. ఇంగ్లీషు ఎంతవరకు వచ్చిందో దాదాపు చెప్పనే లేదు, హైస్కూల్‌కి వెళ్ళాక అది మాకు కష్టమైంది. చెత్త ఊడ్చేవాళ్ళు లేక పంచాయతీ మీద ఆధారపడ్డారు, వాళ్ళు రాని రోజుల్లో మరుగుదొడ్లు బాగుండేవి కావు. ఆ మాట సారు గ్రూపులో తానే చెప్పి సర్పంచ్‌ని కూడా పిలిచి మాట్లాడారు, అయినా పూర్తిగా తీరలేదు.

మీరు ఏ బడిలో చేర్చినా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, ఫీజు మాట్లాడే ముందు క్లాస్ టీచర్ని కలిసి మూడు అడగండి. మా పిల్ల ఇప్పుడు ఎక్కడుందో ఎన్నాళ్ళకోసారి చెప్తారు, తెలుగులో చెప్తారా. వెనకబడితే ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు. బడిలో జ్వరాలు, డెంగీ, గవదబిళ్ళలు ఏవి వచ్చినా అదే రోజు చెప్తారా. మొదటిదానికి వెంటనే జవాబు చెప్పి, మీ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా చదివించి చూసే టీచర్ దొరికితే మాత్రం ఇంకేం ఆలోచించకుండా అక్కడే చేర్చండి.