ప్రకటన గ్రంథాన్ని ఏ దారిన చదవడం మేలు?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాలో కొండచరియలను కూల్చిన వారంలో, కరెంటు లేని పర్లాకిమిడిలో దీపం పెట్టుకుని జరుపుకున్న గృహ ప్రార్థన కూటంలో, వరసకు నాకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ లోకాంతానికి ముందు కనబడే గురుతులను యేసు చెప్పిన మత్తయి సువార్త 24వ అధ్యాయం తెరిచి, "ఇయ్యేనా నాయినా, ఆ వేదనలకు ప్రారంభము?" అని అడిగారు. అక్కడున్న ముగ్గురు బోధకులు మూడు రకాలుగా జవాబు చెప్పారు. ముగ్గురి చేతిలోనూ ఉన్నది ఒకే తెలుగు బైబిలు కనుక, తేడా వాక్యంలో కాక దానిని చదివే పద్ధతిలో ఉందని ఆ రాత్రే నాకు బోధపడింది.

మొదటి బోధకుడు చెప్పినది మా ప్రాంతపు ఉజ్జీవ కూటాలలో తరచుగా వినిపించే పద్ధతి. దాని ప్రకారం, ఆ గురుతులనే దర్శనాలుగా విప్పి చెప్పే బైబిలులోని చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం, 4వ అధ్యాయం మొదలుకొని చెప్పినదంతా ఇక ముందు జరగవలసినదే: ముందుగా సంఘం, అంటే విశ్వాసులందరూ, పరలోకానికి ఎత్తబడుతుంది, తరువాత ఏడేళ్ల మహాశ్రమలు వస్తాయి, ఆపైన క్రీస్తు దిగివచ్చి వెయ్యేండ్లు పాలిస్తాడు. ఆ ఏడేళ్ల లెక్క దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బది వారములలో చివరి వారాన్ని మిగిలిన అరవై తొమ్మిది నుండి విడదీసి, మధ్యలో సంఘకాలాన్ని ఉంచడం వలన వస్తుంది. భూమి మీద వెయ్యేండ్ల రాజ్యం కోసం ఎదురుచూడడం రెండవ శతాబ్దపు సంఘ నాయకుడు ఐరేనియస్ నాటి నుండీ ఉన్నదే కాని, శ్రమలకు ముందే సంఘం వేరుగా ఎత్తబడుతుందనే బోధ 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ ద్వారా బలపడి, 1909లో వెలువడిన స్కోఫీల్డ్ వివరణ బైబిలుతో ఊరూరికీ చేరింది. విశ్వాసిని మెలకువగా ఉంచడంలో దీనికి సాటి లేదు. అయితే ఆ శ్రమలలో మనుషుల మీద వేయబడుతుందని ప్రకటన 13 చెప్పే మృగము ముద్ర మాత్రం ఏటా మారుతూ ఉంటుంది. మా వీధిలోనే ఒకసారి ఆధార్ కార్డు, మరొకసారి కరోనా టీకా ఆ ముద్ర అయ్యాయి; నేడు ఆ కార్డు లేని ఇల్లు లేదు, ఆ మాట ఎత్తేవారూ లేరు.

ఈ బోధకు ఆధారమైన 1 థెస్సలొనీకయులు 4:17లో మనం మేఘముల మీద ప్రభువును "ఎదుర్కొనుటకు" కొనిపోబడతామని ఉంది. మన పెళ్లిళ్లలో ఎదురుకోలు చూసినవారికి ఈ మాట ఇంకోలా వినిపించాలి. ఆడపెళ్లివారు మేళతాళాలతో, పానకపు బిందెతో విడిది దాకా వెళ్లేది మగపెళ్లివారితో కలిసి వారి ఊరికి పోవడానికి కాదు, వరుణ్ణి తమ పందిట్లోకి తోడ్కొని రావడానికి. పెండ్లికుమారుడిని ఎదుర్కొనబోయిన కన్యకల ఉపమానంలోనూ (మత్తయి 25), పౌలును ఎదుర్కొనడానికి అప్పీయా సంతపేట వరకు వచ్చి ఆయనతో రోమాకు తిరిగి వెళ్లిన సహోదరుల ప్రస్తావనలోనూ (అపొస్తలుల కార్యములు 28) గ్రీకులో ఉన్నది ఆ మాటే. ఒక్క మాటతో సిద్ధాంతం తేలిపోదు. అయినా ఇక్కడ త్రాసు ఎటు మొగ్గుతుందో దాచవలసిన పని లేదు.

ఆ రాత్రి ఎవరూ ఎత్తని మరో పద్ధతి, సంఘ చరిత్ర పొడుగునా ప్రవచనం వరుసగా నెరవేరుతున్నదనేది, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. పోపునే క్రీస్తు విరోధిగా చూసిన లూథరు ఈ దారిన నడిచినవాడే. దినాన్ని సంవత్సరంగా లెక్కగట్టి, దానియేలు 8:14లోని 2300 దినాలు 1844 అక్టోబరు 22న ముగుస్తాయన్న విలియం మిల్లర్ అనుచరులకు ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది.

రెండవ బోధకుడు, యేసు చెప్పిన గురుతులలో అధిక భాగం క్రీ.శ. 70లో రోమా సైన్యం యెరూషలేమును కూల్చినప్పుడే నెరవేరాయన్నారు. "ఈ తరము గతింపదు" అన్న మాటను ఈ పద్ధతి ఉన్నదున్నట్టుగా తీసుకుంటుంది. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాలలో వ్రాసి, ఆ అక్షరాల విలువలు కూడితే ప్రకటన 13:18లో మృగమునకు చెప్పిన సంఖ్య 666 వస్తుంది. ఒక అక్షరం తగ్గితే 616, కొన్ని ప్రాచీన ప్రతులలో ఉన్న సంఖ్య సరిగ్గా అదే. ఇది కొట్టివేయదగిన ఆధారం కాదు. చిక్కల్లా, ప్రకటన గ్రంథపు దర్శనం ఆ తరువాతి రోమా చక్రవర్తి దొమితియను పాలన చివరిలో కలిగిందని ఐరేనియస్ వ్రాయడం; అదే నిజమైతే యెరూషలేము కూలి అప్పటికి పాతికేళ్లు కావస్తోంది. పునరుత్థానంతో సహా అన్నీ జరిగిపోయాయనేవారిని మాత్రం పునరుత్థానం గతించిందనే బోధను తప్పుపట్టే 2 తిమోతి 2:18 చదివినవారెవరూ అంగీకరించలేరు.

మూడవవారు జయపురం లూథరన్ సంఘానికి చెందినవారు. 1882లో కోరాపుట్‌కు జర్మనీ నుండి వచ్చిన మిషనరీలు నాటిన ఆ సంఘానికి ప్రమాణమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని ఏలుతారనే బోధను 17వ అధికరణంలో తిరస్కరించింది. అగస్టీను నాటి నుండి వస్తున్న ఈ దారిలో వెయ్యేండ్లంటే క్రీస్తు మొదటి రాకడకూ రెండవ రాకడకూ మధ్యనున్న కాలమంతా. "వెయ్యేళ్లు వర్ధిల్లు" అని దీవించిన ముసలమ్మను లెక్క అడగని మనకు ఇది వింతగా తోచకూడదు. అయితే సంఖ్యలను గురుతులుగా చదివే చేయి అక్కడితో ఆగకపోతే, రాకడను కూడా ఒక గురుతుగానే మిగిల్చే ప్రమాదం ఉంది.

నా మట్టుకు నేను రెండవ, మూడవ బోధకుల దారులను కలిపి నడవడమే మేలంటాను: ప్రకటన గ్రంథాన్ని మొదట అందుకున్న ఏడు సంఘాలవారు ఆ పత్రికను విన్ననాడు వారికి ఏమి అర్థమై ఉంటుందో ముందు అడిగి, సంఖ్యలను గురుతులుగా చదివి, రాకడను మాత్రం అక్షరాలా నమ్మాలి. మొదటి బోధకుని దారివారి ఆతురత నాకు ఇష్టమే కాని, వారి పట్టికలు కాదు.

ఆ రాత్రి మూడవ బోధకుడు పెద్దమ్మ తెరిచిన ఆ మత్తయి 24వ అధ్యాయంలోనే, ఆవిడ అడిగిన మాటకు రెండు వచనాలు వెనక్కి వెళ్లి, "అంతము వెంటనే రాదు" అన్న మాట చదివి వినిపించారు. పెద్దమ్మ కళ్లజోడు తీసి, గాలికి ఎగిరిపోయిన వంటింటి కప్పు వైపు చూసి, "అయితే రేకులు కొనీవచ్చు" అన్నారు.