వీపు మీద పోసే ఐవర్‌మెక్టిన్: నట్టలతో పాటు పేడపురుగులూ పోయాయి

పదకొండు పశువులకు సూదులు వేయించాలంటే సగం రోజు కుస్తీ. అందుకే ఈసారి నట్టలకని వీపు మీద పోసే ఐవర్‌మెక్టిన్ డబ్బా తెచ్చాను. పది కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు లెక్క. మెడ నుంచి తోక దాకా గీతలా పోస్తే సరి, గంటలో పని అయిపోయింది. దూడల ఉబ్బుడు పొట్టలు తగ్గాయి, పేలు రాలాయి. పాలిచ్చే ఆవుల్ని మాత్రం పక్కన పెట్టాను, వాటికి ఇది పోయకూడదు.

మూడో వారంలో గాని బీడు వంక సరిగ్గా చూడలేదు. వానాకాలంలో మా బీట్లో పడ్డ పేడకడి రెండు మూడు రోజుల్లో జల్లెడైపోతుంది, కాలితో తంతే పొడిపొడి. పేడపురుగులు కింద సొరంగాలు తవ్వి, పేడను ఉండలుగా లోపలికి దించి, వాటిలో గుడ్లు పెడతాయి. ఈసారి పేడకళ్లు పెంకుల్లా ఎండి అలాగే పడున్నాయి. ఒకదాన్ని తిరగేసి కింద పారతో తవ్వాను. పెద్ద పురుగులు మూడు కనిపించాయి. ఉండలు విప్పితే పిల్లపురుగులు దాదాపు లేవు, ఉన్న రెండూ చచ్చి నల్లబడ్డాయి.

ఈ మందు చాలావరకు పేడలోనే బయటికొస్తుంది, అదీ కొన్ని వారాలపాటు. పెద్దవి తట్టుకున్నా పిల్లలు తట్టుకోలేవు. నట్టల గుడ్లు కూడా పేడలోనే పొదిగి, పిల్లలు పక్కనున్న గడ్డి మీదికి పాకుతాయి. పేడను చిదిమి ఆరబెట్టి వాటికి అడ్డం పడేది ఈ పురుగులే. పైసా అడగకుండా నట్టల పని పట్టేవాటిని నట్టల మందే చంపిందన్నమాట! ఆస్ట్రేలియాలో పశువుల పేడ తీసే పురుగులు చాలక, 1960ల నుంచి ఆఫ్రికా, ఐరోపాల నుంచి తెప్పించుకున్నారు. నేనేమో ఉన్నవాటిని పోగొట్టుకున్నాను.

డబ్బా మీద చేపలకు ప్రమాదమని రాశారు. పేడపురుగు ఊసే లేదు. నా అసలు ఫిర్యాదు అదే.

మళ్లీ కొంటానా? పేలు మరీ ముదిరితే, పురుగులు తిరగని ఎండు నెలల్లో, పోసిన పశువుల్ని కొన్ని వారాలు కొట్టంలోనే కట్టేసి. నట్టలకైతే పేడ పరీక్ష చేయించి, అవసరమైన వాటికే ఫెన్‌బెండజోల్ అనే వేరే నట్టల మందు తాగిస్తున్నాను, పేడపురుగులకు దానితో అంత ముప్పు లేదు. కాకపోతే నోరు తెరిపించేసరికి సగం మందు నా చొక్కా మీదే.

సులువుకు ఐదుకి ఐదు, బీడుకు ఒకటి. ఆ మూల పేడకళ్లు ఇప్పటికీ నేనే పారతో ఎత్తుతున్నాను.