ఉబ్బలమడుగు: కొండ సరే, బండి ఎక్కడ పెట్టాలి?

వరదయ్యపాళెం దగ్గర అడవిలో ఉన్న ఉబ్బలమడుగు జలపాతం గురించి ఎవరైనా అడిగేది ఒకటే: నీళ్లున్నాయా లేదా అని. తిరుపతి నుంచి ఏళ్ల తరబడి వానలు తగ్గగానే అక్కడికి పోయొస్తున్నాను కాబట్టి నేను మాత్రం ముందు దారి సంగతే చెప్తాను. బండలు పట్టుకుని ఎక్కుతూ, వాగు దాటుతూ, ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకి పైకి పోవాలంటే మన జిల్లాలో నాకు ఇంతకంటే నచ్చిన చోటు లేదు. కానీ అక్కడికి చేర్చే ఆ చివరి రాళ్ల దారి, ఆ పార్కింగ్, వచ్చే జనానికి ఏ మూలకీ సరిపోవు.

శ్రీకాళహస్తి దాకా రోడ్డుకి వంక పెట్టక్కర్లేదు. అక్కడి నుంచి బుచ్చినాయుడు కండ్రిగ మీదుగా వరదయ్యపాళెం వైపు కూడా పెద్ద ఇబ్బంది ఉండదు. చెన్నై వాళ్లు హైవే మీద తడ దాకా వచ్చి ఇటు తిరుగుతారు. శని, ఆదివారాల్లో చూస్తే సగానికి పైగా తమిళనాడు నంబర్లే.

కష్టమంతా అటవీశాఖ చెక్‌పోస్టు దాటాకే. మట్టిరోడ్డు అనుకునేరు, మట్టి వానలకి ఎప్పుడో కొట్టుకుపోయింది. మిగిలినవి గుండ్రాళ్లు. బైకు ముందు చక్రం ఒక రాయి మీద నుంచి జారి పక్క రాయి మీద పడుతుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే ఒరిగిపోవడమే. ఫస్ట్ గేర్‌లో, వెనక బ్రేకుతో, రెండు కాళ్లూ దించడానికి సిద్ధంగా ఉండి పోనివ్వాలి. వెనక కూర్చున్న మనిషి దిగి నడిస్తేనే ఇద్దరికీ మంచిది. స్కూటర్ల చిన్న చక్రాలకి ఇది దారే కాదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాత్రం టీవీఎస్ ఎక్సెల్ మీద ముందర మూట పెట్టుకుని మన పక్క నుంచే తాపీగా పోతుంటారు. వాళ్లకి ఏ రాయి ఎక్కడుందో తెలుసు మరి.

కార్ల బాధ వేరు. స్విఫ్ట్ లాంటి కారుకి గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. నలుగురు ఎక్కి డిక్కీలో బిర్యానీ గిన్నె కూడా పెడితే అది ఇంకా తగ్గుతుంది. వాగు అడ్డొచ్చే చోట నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు, అయినా అడుగున రాళ్లు ప్రతి వానకీ చోటు మారుతుంటాయి. పోయినసారి దాటిన చాలులోనే ఈసారీ దాటొచ్చని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక డిసెంబరులో మా ముందున్న కారు అక్కడే అడుగు తగిలించుకుంది. గట్టెక్కింది గానీ, నీళ్ల మీద నూనె రంగురంగులుగా తేలింది, అవతలి గట్టు రాళ్ల మీద నల్లటి చుక్కల వరస. ఆయిల్ చాంబర్ పగిలింది. లోపల సిగ్నల్ లేదు, మెకానిక్ లేడు. ట్రాక్టర్ దొరికే దాకా ఆ కుటుంబం పిల్లలతో సహా చెట్టు కింద కూర్చుంది.

ఇక పార్కింగ్. చెట్ల మధ్య కాస్త ఖాళీ చోటు, అంతే. గీతలు లేవు, వరసలు లేవు. పొద్దున్నే పోతే నీడ చూసుకుని పెట్టుకోవచ్చు. ఆదివారం తొమ్మిది దాటిందంటే రెండు వైపులా కార్లు నిండిపోతాయి, ఆ తర్వాత వచ్చినవాళ్లు దారి మధ్యలోనే వదిలేసి పోతారు. అద్దం మీద ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టి పోయేవాళ్లని కూడా చూశాను. మర్యాదస్తులే, కాదనను. సిగ్నలే లేని అడవిలో ఆ నంబర్‌కి ఎవరు, ఎలా ఫోన్ చేస్తారు?

ఇదంతా బండికి పడే గీతల గొడవే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. నా ఫిర్యాదు టైము గురించి. పది గంటలకి చెక్‌పోస్టుకి చేరినవాళ్లు ఎదురొచ్చే బండ్లకి దారిస్తూ, చోటు వెతుక్కుంటూ పన్నెండింటికి నడక మొదలుపెడతారు. అంత దూరం వచ్చి చివరి మడుగు చూడకుండా పోతామా అని హడావుడిగా ఎక్కుతారు. డిసెంబరులో నాలుగున్నరకే లోయలోకి ఎండ రాదు. నాచు పట్టిన బండల మీద దిగడం ఎక్కడం కంటే కష్టం, అదీ వెలుతురు లేకుండా. ఈ మడుగుల్లో ప్రాణాలు పోయిన వార్తలు పేపర్లలో ఎన్నిసార్లు రాలేదు?

ఒకసారి కాలు మెలిపడిన కుర్రాణ్ణి స్నేహితులు భుజాల మీద కిందికి తెచ్చారు. తీసుకుపోవడానికి జీపు ఉంది, జీపుకి అడ్డంగా తాళం వేసిన కారు. ఎంతసేపు హారన్ కొట్టినా ఎవరూ రాలేదు. చివరికి ఒకాయన, "ఎత్తండన్నా, జరిపేద్దాం" అన్నాడు. పదిమంది చేరి వెనక వైపు ఎత్తి, కొంచెం కొంచెంగా పక్కకి జరిపాం. దెబ్బ పెద్దది కాదు కాబట్టి ఆ ఆలస్యం చెల్లింది.

రోడ్డు బాగుపడితే జనం పెరిగి అడవి పాడవుతుందనే వాదన మా స్నేహితుల్లోనే ఉంది. నేనూ తారు రోడ్డు అడగడం లేదు. కానీ రాళ్లని చూసి ఆగిపోయిన జనాన్ని నేనింతవరకు చూడలేదు, ఇరుక్కున్న జనాన్నే చూశాను. వాగు దాటే చోట్ల సిమెంటు చప్టా వేసి, కార్లన్నీ చెక్‌పోస్టు బయటే ఆపి, లోపలికి రెండు మూడు జీపులు తిప్పితే చాలు. టికెట్‌తో పాటు దానికీ కొంత తీసుకోమనండి, సంతోషంగా ఇస్తాను.

అంతవరకు నా లెక్కలో కొండకి అయిదుకి అయిదు, దారికి ఒకటిన్నర, పార్కింగ్‌కి ఒకటి. పోదామనుకుంటే మామూలు రోజు చూసుకోండి, ఏడున్నరకల్లా చెక్‌పోస్టు దగ్గరుండండి. బండి తిరుగు ముఖంగా పెట్టుకోండి. సీటు మీద తినేవి వదలొద్దు, కోతులు సీటు కవరు చించేస్తాయి. పెద్ద వానలు పడిన వారం లోపలికి వదలకపోవచ్చు, ఆ ముక్క వరదయ్యపాళెంలో టీ తాగేటప్పుడే అడిగి తెలుసుకోండి. టైర్లలో గాలి కూడా అక్కడే చూపించుకోండి, ఆ తర్వాత పంక్చర్ షాపు ఉండదు.