చిత్రకోట్ బోటు ప్యాకేజీ: వానాకాలంలో డబ్బు కట్టకండి

విజయనగరం, శ్రీకాకుళం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని చిత్రకోట్ జలపాతానికి వెళ్దామనుకుంటున్న వాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్సు పంపండి. ఆగస్టులో రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయని మేం తొమ్మిది మందిమి వెళ్లాం. మనిషికి 4,800 రూపాయలు. పోస్టర్‌లో "జలపాతం కిందికి బోటు షికారు" అన్న మాట చూసి కట్టిన డబ్బు అది. బోటు ఎక్కలేదు, డబ్బూ తిరిగి రాలేదు.

మా నాన్నకి 72 ఏళ్లు. నాగావళి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. జలపాతం ఎదురుగా పడవలో కూర్చుని తల పైకెత్తి చూడాలని ఆయనకి ఎప్పటినుంచో ఉంది. అందుకే టూర్ ఆయనకి ఫోన్ చేసి బోటు గురించి రెండుసార్లు అడిగాను. "ఆగస్టులోనే చూడాలి మేడం, అసలు ఫ్లో అప్పుడే. బోటు మా గ్యారంటీ" అన్నాడు. 20 వేలు ఫోన్‌పే చేశాను, మిగతాది బండి ఎక్కేముందు ఇచ్చాం.

ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే, మోసం అక్కడే ఉంది. చిత్రకోట్ దాదాపు 95 అడుగుల జలపాతం. వానాకాలంలో ఇంద్రావతి నది నది అంతా 300 మీటర్ల దాకా వెడల్పున ఒక్కసారిగా దూకుతుంది, నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. ఆ రూపం చూడాలంటే వర్షాల్లోనే వెళ్లాలి. కానీ నది అలా ఉన్నప్పుడు కింద బోట్లు ఆపేస్తారు. వరద తీసి, నీళ్లు తేరుకున్నాక, చలికాలంలో బోట్లు తిరుగుతాయి. అప్పుడు జలపాతం కాస్త తగ్గి తెల్లగా ఉంటుంది. ఎండాకాలానికి పాయలు పాయలుగా విడిపోతుంది. నిండు జలపాతం, బోటు షికారు రెండూ ఒకే రోజు ఇస్తామన్నవాణ్ణి నమ్మకండి.

సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం మీదుగా జగదల్‌పూర్ చేరేసరికే అందరం అలిసిపోయాం. అక్కణ్ణుంచి చిత్రకోట్ ఇంకో 40 కిలోమీటర్లు. జలపాతం మాత్రం చూసి తీరాల్సిందే, ఆ మాట కాదనను. తుంపర పైదాకా వచ్చి మా అందరి మొహాలూ తడిసిపోయాయి. కానీ బోట్లన్నీ ఒడ్డుకి కట్టేసి ఉన్నాయి. మాతో వచ్చిన కుర్రాడు ఎవరికో ఫోన్ చేసి, పది నిమిషాల్లో ఒక మనిషిని తీసుకొచ్చాడు. తలకి 500 ఇస్తే చిన్న నాటు పడవలో తిప్పుతాడట. మా అప్ప కొడుక్కి ఇచ్చిన లైఫ్ జాకెట్ పట్టుకుని చూశాను. ముందువైపు ఉండాల్సిన క్లిప్పులు రెండూ లేవు, వాటి బదులు ప్లాస్టిక్ తాడు కట్టి ఉంది. భుజం దగ్గర కుట్టు ఊడి లోపలి స్పాంజి కనిపిస్తోంది. ఏడేళ్ల పిల్లాడికి అది మోకాళ్ల దాకా వచ్చింది.

"ఎండ కాస్తోంది కదా మేడం, భయం లేదు" అన్నాడు కుర్రాడు. నాన్న మాత్రం నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు. "ఇందాక మనం వచ్చినప్పుడు ఆ రాయి తల బయటికి ఉంది. ఇప్పుడు చూడు" అన్నారు. రాయి లేదు. ఇంద్రావతి ఒడిశాలో కలహండి వైపు పుట్టి వస్తుంది. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండలోనూ నీరు పెరుగుతుంది. ఎంతో ఆశపడి వచ్చిన ఆయనే వద్దన్నారు. అందరం వెనక్కి వచ్చేశాం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి 50 మంది దాకా పోయారు. వాళ్లలో మన విశాఖ వాళ్లూ ఉన్నారు. ఆ రోజు గోదావరి వరద మీదే ఉంది. డబ్బు కట్టాం కదా అని మొండిగా ఎక్కకండి, దండం పెడతాను.

మర్నాడు ఇంకో విషయం బయటపడింది. ప్యాకేజీలో కుటుంసర్ గుహలు కూడా రాశారు. లోపలికి నీళ్లు వస్తాయని వానాకాలం అంతా అవి మూసే ఉంటాయి. అంటే చలికాలం ప్యాకేజీని తేదీలు మార్చి మాకు అమ్మారు. తీరథ్‌గఢ్ జలపాతం ఒక్కటే చెప్పినట్టు చూపించారు.

తిరిగొచ్చాక బోటు డబ్బు అడిగితే "ప్రకృతి మా చేతుల్లో లేదు" అన్నాడు. వాట్సాప్‌లో పెట్టిన పోస్టర్ కూడా డిలీట్ చేసేశాడు. అదృష్టం బాగుండి మా అత్తయ్య దాన్ని అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేశారు, అక్కడ ఉంది. ఫోన్‌పే రసీదు, ఆ పోస్టరు, కట్టేసిన బోట్ల ఫొటో పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ల వరకు గడువు ఉంటుంది. మీకూ ఇలాగే జరిగి ఉంటే ఊరుకోకండి.

కొత్తగా బుక్ చేసేవాళ్లు ఫోన్‌లో చెప్పిన మాట నమ్మొద్దు. బోటుకి ఎంత, అది తిరగకపోతే ఎంత వెనక్కిస్తారు అన్నది విడిగా రాసి పంపమనండి, వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి. రాసి ఇవ్వనంటే ఆ ప్యాకేజీ వదిలేయండి. మన వైపు నుంచి జగదల్‌పూర్‌కి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది, శ్రీకాకుళం రోడ్‌లోనూ విజయనగరంలోనూ ఆగుతుంది. అక్కడ దిగి బండి మాట్లాడుకుంటే, బోట్లు తిరుగుతున్నాయో లేదో ఒడ్డున చూసుకున్నాకే టికెట్ కొనుక్కోవచ్చు.

నిన్న మా వీధి గ్రూపులోకి అదే పోస్టర్ దసరా సెలవుల తేదీలతో మళ్లీ వచ్చింది. ఫొటోలో నీళ్లు ఎర్రగానే ఉన్నాయి, కింద బోటు బొమ్మ అలాగే ఉంది. మీకూ వస్తే ముందు నది ఎలా ఉందో కనుక్కోండి.